వెయ్యికి ఆరు

నవంబర్ 6, సోమవారం

మొదటి నమూనాలు వచ్చాయి. పై చిప్ప బాగుంది. కింది చిప్ప కూడా బాగుంది. రెండూ కలిపితేనే బాగాలేదు.

షెరిల్ రెండింటినీ చేతిలో పెట్టుకుని నొక్కింది, తిప్పి నొక్కింది, చివరికి బల్లకేసి నొక్కింది. కొక్కేలు పడటం లేదు. పై చిప్ప డిజైను తనది, కిందిది నాది. అందుకని ఇద్దరం కాస్త ఎక్కువ మర్యాదగానే మాట్లాడుకుంటూ కొలిచాం. పైది నూట నలభై మిల్లీమీటర్లు, సరిగ్గా. కిందిది నూట నలభై పాయింట్ ఎనిమిది నాలుగు.

"అక్కా, ఇది సరిగ్గా ఒక ష్రింకేజ్ కదూ?" అంది షెరిల్.

"అలాగే ఉంది," అన్నాను. ప్లాస్టిక్ చల్లారి ముడుచుకునే మేరకు అచ్చుని ముందే పెంచే లెక్క అది.

"అంటే అచ్చు చేసినాయన రెండుసార్లు వేశాడన్నమాట."

ఆ మాట నేను అనలేదు. తనే అంది. ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

ఇది ఉబ్బసం ఉన్న పిల్లలకు మందు ఆవిరి పట్టే యంత్రం. ఫిబ్రవరిలో కస్టమర్‌కి పంపాలి. ఉక్కు అచ్చులో చోటు తక్కువైతే ఇంకాస్త కోయొచ్చు. ఎక్కువైతే కోసింది మళ్లీ అతికించలేం. మనది ఎక్కువైంది.

నవంబర్ 7, మంగళవారం

కునాలన్ తన గది తలుపు మూసి ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టాడు. మా డిజైన్ విభాగానికి అతనే బాస్. అటువైపు, సముద్రం మీది వంతెనకి అవతలున్న బుకిత్ మెర్తాజమ్ నుంచి క్వా అంకుల్. నలభై ఏళ్లుగా అచ్చులు చేస్తున్న మనిషి. మాకే ఏడేళ్లుగా చేస్తున్నారు.

"మిస్టర్ క్వా, ష్రింకేజ్ ఎన్నిసార్లు వేశారు?"

"పళ్లెన్నిసార్లు తోముకున్నావని అడిగినట్టుంది బాస్. ఒక్కసారే. వెయ్యికి ఆరు."

"మరి వెయ్యికి పన్నెండు ఎలా అయింది?"

"మీరు పంపిందే పెద్దదైతే అవుతుంది."

కునాలన్ నావైపు చూశాడు. "నేను పంపింది నూట నలభైయే," అన్నాను.

సర్వర్‌లో ఉన్న మోడల్ తెరిచి కొలిచాడు. నూట నలభై. సెప్టెంబర్ పందొమ్మిదిన నేనే పెట్టాను కాబట్టి నాకేం ఆశ్చర్యం కలగలేదు. అంకుల్‌కి ఇచ్చిన ఫైల్ చూద్దామంటే అది లేదు. సెప్టెంబర్ పద్నాలుగు, గురువారం సాయంత్రం, నేనే పెన్‌డ్రైవ్‌లో ఆయన చేతికిచ్చాను. ఉక్కు కోయడం అయ్యాక మా ఫైళ్లు చెరిపేయాలని ఒప్పందంలో ఉంది. ఆయన చెరిపేశారు, పెన్‌డ్రైవ్ కూడా తుడిచి పంపారు. ఇలాంటివి అక్షరాలా పాటించే మనిషి ఆయనొక్కడే అనుకుంటా. సరిచూసుకోవడానికి కాగితం డ్రాయింగ్ కూడా లేదు. మోడలే డ్రాయింగ్ అని చెప్పి కునాలన్ దాన్ని ఏప్రిల్‌లోనే మాన్పించాడు. అప్పుడు అంకుల్ గొణిగారు. మేం నవ్వాం.

ఫోన్ పెట్టేశాక కునాలన్ అన్నాడు: "పెద్దాయన అయిపోయాడు రొహైదా. ఎన్నేళ్లు, అరవై తొమ్మిదా? ఒకసారి వేసి, వేశానో లేదో అనుకుని ఇంకోసారి వేసుంటాడు."

అయ్యుండొచ్చు.

నవంబర్ 8, బుధవారం

చివరి మెట్టు ఆపేశాను. బాగా గుర్తుంది. బల్లమీద టీ గ్లాసు ఉంది, పైన మీగడ కట్టింది. ఎడమ పక్క పట్టీలో ఆఖరి వరసమీద నొక్కాను, అది బూడిదరంగుకు తిరిగింది. ఆ తర్వాతే ఫైల్ బయటికి తీశాను.

మా ఆఫీసులో పాత సాఫ్ట్‌వేర్‌ని అందరూ తాత అంటారు. వెక్కిరింతగానే అంటారు. తాతలో మనం చేసిన ప్రతి పనీ ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి మెట్లుగా పడుతుంది. దిమ్మ చేశావు, గుంట తవ్వావు, అంచు గుండ్రం చేశావు, అన్నీ ఉంటాయి. ఏ మెట్టునైనా ఆపొచ్చు, మళ్లీ నడపొచ్చు. కొత్తదాంట్లో అవేం ఉండవు. ముద్దను పట్టుకుని లాగడమే, నొక్కడమే. షెరిల్ అందులో నాకంటే మూడింతల వేగం. కానీ ఆ ముద్ద ఆ ఆకారానికి ఎలా వచ్చిందో అడిగితే ఎవరూ చెప్పలేరు.

నా చివరి మెట్టు ష్రింకేజ్. అంతకుముందు పనిచేసిన ఫ్యాక్టరీలో అచ్చులు మేమే చేసుకునేవాళ్లం కాబట్టి డిజైన్ చేసినవాళ్లే ష్రింకేజ్ వేసి పంపాలి. ఇక్కడ అచ్చు చేసేవాళ్లు వేస్తారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. పన్నెండేళ్ల అలవాటు కాబట్టి ఆ మెట్టు పెడతాను, పంపేముందు ఆపుతాను. ఎప్పుడూ ఆపుతాను.

ఆగస్టు నుంచి తాతలో కొత్త పని ముట్టుకోవద్దని కునాలన్ ఆర్డర్. కింది చిప్ప నేను తాతలోనే చేశానని అతనికి తెలియదు. అడగలేదు, చెప్పలేదు.

నవంబర్ 9, గురువారం

ఉపవాసం. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళకి మా ఆయన బద్రుల్ పడవ ఇంజన్ల గ్రీజు చేతులు కడుక్కుని వచ్చి ఖర్జూరాలు ముందు పెట్టాడు. ఏమిటి మొహం అలా ఉంది అన్నాడు. చెప్పాను.

"ష్రింకేజ్ అంటే?"

"వేడి ప్లాస్టిక్ చల్లారితే కాస్త ముడుచుకుపోతుంది. ఎంత ముడుచుకుంటుందో అచ్చుని ముందే అంత పెద్దది చేయాలి. మా ప్లాస్టిక్‌కి వెయ్యికి ఆరు."

"ఎవరో ఒకరు రెండోసారి పెద్దది చేశారన్నమాట."

"అవును."

"ఎవరు?"

"క్వా అంకుల్," అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది.

"నీ దగ్గర చూసుకున్నావా?"

"నాకు గుర్తుంది."

బద్రుల్ చేపముల్లు తీసుకుంటూ ఊరుకున్నాడు. అతనిలో నాకు నచ్చనిది అదే. అడిగేది అడిగి ఊరుకుంటాడు.

నవంబర్ 10, శుక్రవారం

కునాలన్, నేను వంతెన దాటి అంకుల్ షాపుకి వెళ్లాం. షాపంటే ఒక రేకుల షెడ్డు, నాలుగు మిషన్లు, లెక్కలన్నీ చూసుకునే కూతురు లేయ్ పెంగ్. అంకుల్ నాకోసం విడిగా ఉంచిన కప్పు తీసి కడిగారు. బిస్కెట్ ప్యాకెట్ మీద హలాల్ ముద్ర నాకు చూపించి మరీ చింపారు. ఏడేళ్లుగా ఇదే తంతు. ముద్ర నాకు కంఠతా వచ్చండీ అన్నా వినరు.

ఆయన వాడేది మూడో సాఫ్ట్‌వేర్, అచ్చులవాళ్లది. అందులో తన ఫైల్ తెరిచి చూపించారు. నూట నలభై ఒకటి పాయింట్ ఆరు ఎనిమిది.

"ఇది నేను వేసిన తర్వాతది. వేయకముందుది మీరు చెరపమన్నారు కదా, చెరిపా. నేను ఒక్కసారే వేశా అమ్మాయ్. పొద్దున్నే వేశా. రేడియోలో ధరలు చెబుతున్నాడు, గుడ్ల ధర పెరిగిందన్నాడు, అప్పుడు వేశా."

"గుడ్ల ధర సాక్ష్యమా మిస్టర్ క్వా?" అన్నాడు కునాలన్ నవ్వుతూ.

అంకుల్ కూడా నవ్వారు. లేయ్ పెంగ్ నవ్వలేదు. తండ్రినే చూస్తూ ఉంది.

తిరిగొచ్చేటప్పుడు కునాలన్ చెప్పాడు. తప్పు ఎవరిదో కాగితం మీదికి రాకపోతే కస్టమర్ ఊరుకోడట. క్వా ఒప్పుకుంటే ఈ ఒక్కసారికి తను సర్దుకుంటాడట, లేకపోతే వచ్చే ఏడాది అచ్చులు ఇంకెవరికైనా ఇవ్వాల్సి వస్తుందట. ఆ షెడ్డులో సగం పని మాదే. వంతెన మీద వాన కొడుతోంది, నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 13, సోమవారం

దీపావళి సెలవు. అందరం కునాలన్ ఇంటికి వెళ్లాం. వాళ్లమ్మగారు జంతికలు డబ్బాతో ఇచ్చారు. కునాలన్ పదిమంది ముందూ, "ముప్ఫయ్యో తారీఖుతో మన తాతకి రిటైర్మెంట్. లైసెన్స్ పొడిగించడం లేదు. రొహైదా ఏడుస్తుందేమో, రుమాళ్లు సిద్ధం చేయండి," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముప్ఫై తర్వాత తాత తెరుచుకోడు. అందులోని ఫైళ్లు ఉంటాయి కానీ ఎవరూ చదవలేరు.

జంతికలు బాగున్నాయి.

నవంబర్ 15, బుధవారం

అంకుల్ ఫోన్ చేశారు.

"అమ్మాయ్, సంతకం పెట్టేశా."

"దేనికి అంకుల్?"

"నేనే రెండుసార్లు వేశానని. మీ బాస్ కాగితం పంపాడు. కింది అచ్చు లోపలి దిమ్మ మళ్లీ కొత్తగా చేసిస్తా. ఫిబ్రవరికి అందుతుంది, నువ్వు కంగారు పడకు."

"మీకు ఒక్కసారే అని గుర్తుందన్నారు కదా?"

"గుర్తుంటే ఏం? మా అన్నకి వాళ్లావిడ బతికే ఉందని గుర్తుండేది. రోజూ ఆవిడకి కూడా కంచం పెట్టించేవాడు. ఆమె పోయి నాలుగేళ్లయిందన్నా అంటే, నాకు బాగా గుర్తుంది, పొద్దునే మాట్లాడింది అనేవాడు. ఆయనకీ డెబ్బయ్యో ఏటే మొదలైంది."

వేళకి తినండి అంకుల్ అన్నాను. ఎంత తెలివితక్కువ మాట.

ఆయన ఒప్పుకున్నారంటే ఏదో గుర్తొచ్చే ఉంటుంది. ఊరికే ఎవరూ ఒప్పుకోరు.

నవంబర్ 16, గురువారం

ఉపవాసం. ఆఫీసులో షెరిల్ దగ్గర కొత్తది నేర్చుకున్నాను, రెండు గంటలు. బాగానే వస్తోంది.

నవంబర్ 20, సోమవారం

కొత్త దిమ్మ చూడ్డానికి ఒక్కదాన్నే వెళ్లాను.

అంకుల్ కుర్చీలో లేయ్ పెంగ్ కూర్చుని ఉంది. షాపు తాళాల గుత్తి ఆమె దగ్గరుంది. అంకుల్ పక్కన స్టూలు మీద ఉన్నారు. ఆమె ఏదో కొలత వేసి, "నాన్నా, ఇది చూడండి," అంటే తొంగి చూసి, "నువ్వే చూడమ్మా," అన్నారు. నలభై ఏళ్లుగా ఎవరు తప్పు చేసినా దూరం నుంచే కనిపెట్టి అరిచే మనిషి.

టీ ఇవ్వడానికి లేచారు. కప్పు కడిగారు. ప్యాకెట్ తీసుకుని ముద్ర వెతికారు, నాకు చూపించారు. కూర్చున్నారు. మళ్లీ ప్యాకెట్ అందుకుని, "నీకు చూపించానా?" అన్నారు.

"చూపించారు అంకుల్."

"చూపించానా," అన్నారు తనలో తాను.

లేయ్ పెంగ్ నన్ను బయటిదాకా సాగనంపింది. "డిసెంబర్ నాలుగున ఆసుపత్రిలో చూపిస్తున్నాం అక్కా. జ్ఞాపకశక్తి పరీక్ష. తనే అడిగాడు. ఇంతకుముందు జ్వరమొచ్చినా మాత్ర వేసుకునేవాడు కాదు మా నాన్న. ఇప్పుడు రోజూ పొద్దున తేదీ కాగితం మీద రాసుకుంటున్నాడు. స్కూటర్ నడపడం మానేశాడు." ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది. "మీతో పనిలోనే బయటపడింది కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద అయితే ఏమయ్యేది?"

నేను ఆమె భుజం తట్టి కారెక్కాను. అవును, వయసు వచ్చాక ఎవరికైనా పరీక్ష చేయించుకోవడం మంచిదే.

నవంబర్ 21, మంగళవారం

తాతలో ఒకసారి చూద్దామనుకున్నాను. మీటింగులు.

నవంబర్ 22, బుధవారం

మీటింగులు లేవు. అయినా కుదరలేదు.

చివరి మెట్టు ఆపాను. టీ గ్లాసు ఉంది. మీగడ కట్టింది.

నవంబర్ 23, గురువారం

ఈరోజు ఉపవాసం. గురువారాలు నేను టీ తాగను.

నవంబర్ 24, శుక్రవారం

షెరిల్ వచ్చి, "అక్కా, తాతలో ఇంకా ఏమైనా ఫైళ్లుంటే ఇవ్వండి, కొత్తదాంట్లోకి మార్చేస్తా. ముప్ఫై దాటితే దొరకవు," అంది. పట్టిక రాసిచ్చాను. ఏడేళ్ల పని, యాభై మూడు వస్తువులు. తను లెక్క చూసుకుని వెళ్లిపోయింది. కింది చిప్ప ఆ పట్టికలో రాయలేదు. అది ఎలాగూ సర్వర్‌లో ఉంది కదా అనుకున్నాను. అనుకుంటున్నానని నాకు తెలుస్తూనే ఉంది.

బద్రుల్ ఈరోజు ఏమీ అడగలేదు. నాకు అతని మీద కోపం వచ్చింది.

నవంబర్ 26, ఆదివారం

పెన్‌డ్రైవ్ ఇచ్చిన ఆ గురువారం కొంచెం కొంచెంగా గుర్తొస్తోంది. శనివారం మలేషియా దినం, వరసగా సెలవులు, అందరూ పెందలాడే వెళ్లిపోతున్నారు. అంకుల్ కింద వ్యాన్‌లో కూర్చుని ఉన్నారు, అమ్మాయ్ వంతెన నిండిపోతుంది తొందరగా రా అని ఫోన్. ఉపవాసంతో తల నొప్పిగా ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చాను, తీశాను, మెట్లు దిగి పరిగెత్తాను.

ఇందులో టీ గ్లాసు ఎక్కడా లేదు.

నవంబర్ 27, సోమవారం

వాన. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టాను. ఒంట్లో బాగానే ఉంది.

నవంబర్ 28, మంగళవారం

భోజనాలకి అందరూ కిందికి వెళ్లాక తాతని తెరిచాను.

తాతకి ఇంకో అలవాటుంది. సేవ్ చేసినప్పుడల్లా పాతదాని మీద రాయడు, అంకె వేసి కొత్త కాపీ పెడతాడు. చోటు తినేస్తాడని అందరూ తిట్టేది అందుకే. కింది చిప్పకి ముప్ఫై రెండు కాపీలున్నాయి. ముప్ఫై రెండోది సెప్టెంబర్ పందొమ్మిది, మంగళవారం, పదీ ఇరవై. చివరి మెట్టు బూడిదరంగులో ఉంది. టీ వేళ. నేను టీ తాగుతూ, సర్వర్‌లో పెట్టబోయేముందు, దాన్ని ఆపాను. నా జ్ఞాపకంలో ఒక్క అబద్ధం కూడా లేదు, రోజు తప్ప.

ముప్ఫై ఒకటోది సెప్టెంబర్ పద్నాలుగు, గురువారం, సాయంత్రం ఐదూ నలభై. తెరిచాను. చివరి మెట్టు నడుస్తోంది. కొలిచాను. నూట నలభై పాయింట్ ఎనిమిది నాలుగు.

అంకుల్ ఒక్కసారే వేశారు. రేడియోలో గుడ్ల ధర చెబుతున్నప్పుడు వేశారు. ఆయనకి గుర్తున్నది నిజం, అయినా వదిలేసుకున్నారు. నేను ఇంకో రోజు జ్ఞాపకాన్ని తెచ్చి గురువారానికి తగిలించుకుని మూడు వారాలు పట్టుకు వేలాడాను. ఇది చూడటానికి ఎంతసేపు పట్టిందో చూశాను. రెండు నిమిషాలు.

షెరిల్ పైకి వచ్చేసరికి ఏడుస్తున్నాను. "తాత వెళ్లిపోతున్నాడనా అక్కా?" అంది పాపం.

నవంబర్ 29, బుధవారం

కునాలన్‌కి చెప్పాను. అంతా చెప్పాను, ఆగస్టు తర్వాత కూడా తాతలో పనిచేసిన సంగతితో సహా. అతను చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే."

"అయితే ఇక్కడితో ఆపు. ఆయన సంతకం పెట్టాడు. దిమ్మ సగం అయిపోయింది. కస్టమర్ సరేనన్నాడు. ఇప్పుడు మళ్లీ తప్పు మనదని రాస్తే మన డిజైన్ మొత్తం మీద ఆడిట్ పడుతుంది. దిమ్మకైన ఖర్చు నేను వేరే పనిలో ఆయనకి సర్దుతాను, మాటిస్తున్నా. ఆయనకి నష్టం లేదు కదా?"

"ఆయన ఆసుపత్రికి వెళ్తున్నారు బాస్, నాలుగో తారీఖు."

"దేనికి?"

"బుర్ర పోయిందేమో చూపించుకోవడానికి."

కునాలన్ పెన్ను పక్కన పెట్టేశాడు. అతను చెడ్డవాడు కాడు. కానీ అప్పుడు కూడా, "పరీక్షలో ఎలాగూ బాగానే ఉందని వస్తుంది కదా," అన్నాడు. నిన్నటిదాకా నేనూ అదే అనుకున్నాను కాబట్టి అతని మీద కోపం రాలేదు. రేపు సెలవు కావాలన్నాను. దేనికని అడగలేదు, ఇవ్వననీ అనలేదు.

నవంబర్ 30, గురువారం

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వంతెన దాటాను. తాతకి ఈరోజే ఆఖరు. మిషన్లు తిరుగుతున్నాయి. అంకుల్ స్టూలు మీద ఉన్నారు, పక్కన గోడకి తేదీ రాసిన కాగితం అంటించి ఉంది. నన్ను చూసి కప్పు కోసం లేచారు.

"ఉపవాసం అంకుల్. గురువారం."

"గురువారం," అని గోడ మీద కాగితం చూసుకున్నారు. "అవును, గురువారమే."

బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. ముప్ఫై ఒకటో కాపీ. ఎడమ పక్క పట్టీలో చివరి మెట్టు చూపించాను. కొలత చూపించాను. సేవ్ చేసిన తేదీ, వేళ చూపించాను. "ఇది మీకిచ్చిన ఫైల్ అంకుల్. నేనే ష్రింకేజ్ వేసి ఇచ్చాను. మీరు ఒక్కసారే వేశారు. తప్పు నాది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తెర దగ్గరికి వంగారు. ఆ మెట్టు మీద వేలు పెట్టారు, తెరకి తగిలేటట్టు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండు అనిపించింది.

"నాతో కాదు," అన్నారు. "దానితో చెప్పు."

లేయ్ పెంగ్ అవతల మిషన్ దగ్గరుంది. నేను వెళ్లి చెప్పబోతే, "ఇక్కడికి రమ్మను. అందర్నీ రమ్మను. మిషన్లు ఆపమను," అన్నారు. మిషన్లు ఆగాయి. పనివాళ్లు నలుగురూ చేతులు తుడుచుకుంటూ వచ్చారు. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేను మొదటి నుంచీ మళ్లీ చెప్పాను. ఒక పనాయనకి అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పించుకున్నాడు. మూడుసార్లు చెప్పాను, నేను చేశాను, నేను చేశాను అని.

లేయ్ పెంగ్ తెర చూసింది, తండ్రిని చూసింది, నన్ను చూసింది. "ఎప్పుడు తెలిసింది మీకు?"

"మొన్న."

"ఇది ఎప్పటి నుంచి మీ దగ్గరుంది?"

"మొదటి నుంచీ ఉంది."

"పోయినసారి వచ్చినప్పుడు నేను మీ ముందు ఏడ్చాను అక్కా. అప్పుడూ ఉందా?"

ఉందన్నాను. ఆమె షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది. అంకుల్ వాళ్ల భాషలో పనివాళ్లతో ఏదో అన్నారు, గట్టిగా, పాత గొంతుతో. వాళ్లు గబగబా మిషన్ల దగ్గరికి వెళ్లారు. ఆ దిమ్మ మీద బిగించిన కొలత పనిముట్టుని ఒకాయన సరిగా పెట్టలేదని ఇంత దూరం నుంచే అరిచారు. ఆయన నావైపు మాత్రం తిరగలేదు. లాప్‌టాప్ మూసుకుని వచ్చేశాను.

సాయంత్రం ఇంట్లో కస్టమర్‌కి ఉత్తరం రాశాను, కునాలన్‌కి కాపీ పెట్టాను. పంపేముందు బద్రుల్ చదివాడు. చదివి, "ఖర్జూరం తిను, మగ్రిబ్ అయింది," అన్నాడు.

డిసెంబర్ 1, శుక్రవారం

పొద్దున తాత తెరుచుకోలేదు. లైసెన్స్ ముగిసిందని చిన్న పెట్టె వచ్చింది.

కునాలన్ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం కస్టమర్ నుంచి ఆడిట్ తారీఖులు వచ్చాయి. మూడు రోజులు, అన్ని ఫైళ్లూ. అంకుల్ సంతకం పెట్టిన కాగితం రద్దయింది. జనవరి నుంచి నేను పంపే ప్రతి ఫైల్‌నీ షెరిల్ కొలిచి సంతకం పెట్టాలట. నాకంటే పదహారేళ్లు చిన్న. "నాకేం బాగాలేదు అక్కా," అంది. కొలువు, బాగా కొలువు అన్నాను.

నాలుగింటికి అంకుల్ ఫోన్. వెనక మిషన్లు గట్టిగా వినిపిస్తున్నాయి.

"అమ్మాయ్, సోమవారం ఆసుపత్రి తారీఖు ఉంది చూడు. అంత తేలిగ్గా దొరకదు ఆ డాక్టరు తారీఖు. వృథా ఎందుకు? నా బదులు నువ్వెళ్లు. మరిచిపోయింది నువ్వే కదా."

నవ్వు వచ్చింది. నవ్వేసి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆయన నాకోసం అలా దారి వేసి ఇచ్చారు.

"మరిచిపోలేదు అంకుల్," అన్నాను. "తెరిచి చూడలేదు."

పెట్టేశారేమో అనుకున్నాను. కానీ మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"తెలుసు," అని పెట్టేశారు.